కనబడనిది లేనట్టేనా?

కంప్యూటర్‌లో ప్రింటర్ పనిచేయకపోతే ఆ కంప్యూటర్‌నే అడిగి కారణం తెలుసుకోవచ్చు. ఇంటర్నెట్ రాకపోతే లాగ్ ఫైళ్లు తెరిచి చూడవచ్చు. లినక్స్ యంత్రం బూట్ లోడర్ దగ్గరే ఆగిపోతే ఈ వీలు ఉండదు. లాగ్ రాసే ప్రోగ్రాం ఇంకా లేవలేదు, లాగ్ ఉండే పార్టిషన్ ఇంకా తెరుచుకోలేదు. నల్లటి తెర మీద ఒకటి రెండు పంక్తులు కనిపిస్తాయి, అంతే. దోషం ఎక్కడుందో ఆ కాస్త ఆధారంతో తేల్చుకోవాలి. ఒక విషయం తెలిసిందని ఎప్పుడు అనవచ్చు, ఆ తెలివిడి నమ్మదగ్గదని ఎలా నిర్ణయించాలి అన్న ప్రశ్నలు ఇక్కడ ఏ మరుగూ లేకుండా ఎదురవుతాయి. న్యాయ, మీమాంస, వేదాంత శాస్త్రాలు ప్రమాణ విచారం పేరుతో శతాబ్దాల తరబడి వాదించుకున్నది వీటి గురించే. ఆ వాదాలు తెలిసినవారు యంత్రాన్ని తొందరపడి ఫార్మాట్ చేయరు.

యంత్రం లేచే క్రమం ముందు తెలియాలి. పవర్ బటన్ నొక్కగానే ప్రాసెసర్ మదర్‌బోర్డు చిప్‌లో ఉన్న ఫర్మ్‌వేర్‌ను నడపడం మొదలుపెడుతుంది. పాత బయోస్ పద్ధతిలో ఆ ఫర్మ్‌వేర్ డిస్కులోని మొట్టమొదటి సెక్టారును, అంటే 512 బైట్లను, మెమరీలోకి తెచ్చుకుంటుంది. చివరి రెండు బైట్లు 55, ఎఎ అయితే చాలు, మారుమాట లేకుండా ఆ కోడ్‌కు పగ్గాలు అప్పగిస్తుంది. పార్టిషన్ పట్టికకూ ఆ గుర్తుకూ పోగా కోడ్‌కు మిగిలేది 446 బైట్లే. ఫైల్ సిస్టమ్‌ను చదవగల ప్రోగ్రాం అంత చోటులో పట్టదు. అందుకే గ్రబ్ అనే బూట్ లోడర్ ముక్కలుగా వస్తుంది. మొదటి ముక్క పని రెండోదాన్ని పిలవడమే. మొదటి పార్టిషన్‌కు ముందున్న ఖాళీ జాగాలో ఉండే రెండో ముక్కకు ఫైళ్లు చదవడం కొద్దిగా వచ్చు. అది బూట్ డైరెక్టరీని వెతికి పట్టుకుని మిగతా మాడ్యూళ్లను, మెనూను తెస్తుంది. కొత్త యూఈఎఫ్ఐ పద్ధతిలో ఫర్మ్‌వేరుకే ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ చదవడం వచ్చు కాబట్టి ఈఎఫ్ఐ పార్టిషన్‌లోని ఫైలును నేరుగా నడుపుతుంది. ఆ తర్వాత కెర్నల్, దానితోపాటు ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ అనే చిన్న తాత్కాలిక ఫైల్ సిస్టమ్, దాని సాయంతో అసలైన రూట్ పార్టిషన్ వస్తాయి. ప్రతి దశా తనకంటే ఎక్కువ తెలిసిన దశను లేపి తప్పుకుంటుంది. ఏ దశ చెప్పే మాటైనా దానికి తెలిసినంత మేరకే నిజం.

గ్రబ్‌కు ముందు లినక్స్ లోకంలో ఎక్కువగా వాడిన లిలో ఈ సంగతిని చక్కగా చూపించేది. వెర్నర్ ఆల్మెస్‌బెర్గర్ 1992 నుంచి రాసిన ఆ బూట్ లోడర్ తన పేరులోని నాలుగు అక్షరాలను ఒక్కో మెట్టు దాటినప్పుడల్లా ఒక్కొక్కటిగా తెర మీద ముద్రించేది. మొదటి ఎల్ వచ్చిందంటే మొదటి దశ నడిచిందని అర్థం. తర్వాత ఐ వచ్చి ఆగిందంటే రెండో దశను తెచ్చుకోగలిగింది గాని నడపలేకపోయిందని. మూడో అక్షరం దగ్గర ఆగితే రెండో దశ నడిచినా తనకు కావలసిన పట్టికను చదవలేకపోయిందని. నాలుగూ వస్తే లోడర్ సవ్యంగా ఉన్నట్టు. దోషం ఇదీ అని చెప్పే మాట ఒక్కటీ అందులో లేదు. ఎంతవరకు బాగుందో మాత్రమే ఆ అక్షరాలు చెబుతాయి, దోషాన్ని మనిషి ఊహించుకోవాలి. తర్కశాస్త్రంలో దీన్ని లింగం అంటారు, అంటే గుర్తు. గుర్తును చూసి కనబడనిదాన్ని తెలుసుకోవడం అనుమానం. ఈ తరహా సమస్యల్లో జరిగే పొరపాట్లలో చాలా భాగం గుర్తునే కారణం అనుకోవడం వల్ల వస్తాయి.

న్యాయసూత్రాలు అనుమానాన్ని నిర్వచించి ఊరుకోలేదు, దాని మీద వచ్చే అభ్యంతరాన్నీ నిలబెట్టి జవాబు చెప్పాయి. నది పొంగింది కాబట్టి ఎగువన వాన పడిందని అనుకుంటాం. మరి దిగువన ఎవరో అడ్డుకట్ట వేసినా నీరు పెరుగుతుంది కదా, అప్పుడు అనుమానం తప్పినట్టే కదా అని పూర్వపక్షం. వాత్స్యాయనుడి భాష్యం ఇచ్చే సమాధానం గట్టిది. నీటి మట్టం పెరగడం ఒక్కటే చూసి వాన పడిందన్నవాడు తప్పు చేశాడు. వాననీటితో వచ్చే పొంగుకు వేరే పోలికలు ఉంటాయి, వడి ఎక్కువగా ఉంటుంది, నురగ, ఆకులు, కొమ్మలు కొట్టుకొస్తాయి. అవి చూసి అన్నవాడు పొరబడడు. దోషం అనుమానానిది కాదు, సగం చూసి చాలనుకున్నవాడిది.

ఉబుంటు నడిచే ఒక పాత డెస్క్‌టాప్‌ను తీసుకుంటే ఈ సమాధానం విలువ తెలుస్తుంది. నిన్న అప్‌డేట్ చేశారు, రాత్రి కరెంటు పోయింది, ఇవాళ బూట్ కావడం లేదు. అప్‌డేటే ముంచిందని ఇంట్లో అందరూ తేల్చేస్తారు. ఫర్మ్‌వేర్ సెట్టింగుల పేజీ తెరిస్తే మూలన తేదీ ఎన్నో ఏళ్ల వెనక్కి పోయి ఉంటుంది. ఆ తేదీ ఇక్కడ నురగ, ఆకుల వంటి ప్రత్యేకమైన గుర్తు. మదర్‌బోర్డు మీది మూడు వోల్టుల నాణెం బ్యాటరీ అయిపోయింది, కరెంటు పోగానే సెట్టింగులన్నీ ఫ్యాక్టరీ స్థితికి వెళ్లాయి, బూట్ వరుసో డిస్క్ కంట్రోలర్ మోడో మారిపోయింది. గ్రబ్‌లో తప్పేమీ లేదు. దాన్ని ఎన్నిసార్లు తిరిగి ఇన్‌స్టాల్ చేసినా ఈ రోగం కుదరదు.

ముందు జరిగినదాన్నంతా కారణం అనుకోవడాన్ని న్యాయవైశేషికులు తీవ్రంగా పట్టించుకున్నారు. కార్యానికి ముందు ఉండి కూడా కారణం కానిదాన్ని అన్యథాసిద్ధం అంటారు. విశ్వనాథుడి కారికావళి ఇలాంటివి ఐదు రకాలని లెక్కపెడుతుంది. కుమ్మరి తండ్రి, చక్రం తిప్పే కర్ర రంగు, మట్టి మోసుకొచ్చిన గాడిద ఆ జాబితాలోవే. కుండకు ముందు గాడిద ఉన్న మాట నిజమే, గాడిద లేకుండా తెచ్చిన మట్టితోనూ కుండ అవుతుంది. నిన్నటి అప్‌డేట్ గాడిదా కాదా అన్నది తేల్చే పద్ధతి అన్వయ వ్యతిరేకాలు, అంటే అది ఉంటే దోషం ఉందా, లేకుంటే లేదా అని చూడడం. గ్రబ్ మెనూలోని అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో పాత కెర్నల్ ఉంటుంది. దానితో యంత్రం లేచి, కొత్తదానితో రూట్ ఫైల్ సిస్టమ్ దొరకలేదని కెర్నల్ ప్యానిక్ వస్తే అప్‌డేట్ మీద అనుమానం నిలుస్తుంది. బూట్ పార్టిషన్ నిండిపోయి కొత్త ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్ సగంలో ఆగిపోవడం దీనికి మామూలు కారణం. రెండు కెర్నళ్లతోనూ ఒకేలా ఆగితే అప్‌డేట్‌ను వదిలి వేరేచోట వెతకాలి. రెండు నిమిషాల్లో అయ్యే ఈ పరీక్ష చేయకుండా సిస్టమ్‌ను మళ్లీ ఇన్‌స్టాల్ చేసేవారే ఎక్కువ. ఆ తొందరకు బలయ్యేది చాలాసార్లు ఇంటిల్లిపాది ఫోటోలు.

అసలు చిక్కు ‘లేదు’ అనే మాటతో వస్తుంది. బూట్ లోడర్ చెప్పే తప్పుల్లో ఎక్కువ భాగం లేమి గురించే. అలాంటి పార్టిషన్ లేదు, అలాంటి పరికరం లేదు, ఫైలు దొరకలేదు. లేనిదాన్ని ఎలా తెలుసుకుంటాం? కంటికి ఎదురుగా ఉన్న నేల కనిపిస్తుంది, నేల మీద కుండ లేకపోవడం ఏ ఇంద్రియానికి కనిపిస్తుంది? భాట్ట మీమాంసకులు, వారి వెంట అద్వైతులు దీనికి అనుపలబ్ధి అనే ప్రత్యేక ప్రమాణాన్ని ఒప్పుకున్నారు. నైయాయికులు అభావం కూడా ప్రత్యక్షంగానే తెలుస్తుందని, కనబడకపోవడం దానికి తోడుపడుతుందని అన్నారు. ప్రాభాకరులు అభావమనే వేరే పదార్థమే లేదన్నారు. ఈ భేదాలు ఎలా ఉన్నా మొదటి రెండు పక్షాలూ ఒక షరతు దగ్గర కలుస్తాయి. కనబడనంత మాత్రాన లేదనకూడదు. ఉంటే కనబడి తీరవలసిన పరిస్థితి ఉండాలి, అయినా కనబడకపోవాలి. దీన్నే యోగ్యానుపలబ్ధి అన్నారు. ధర్మరాజాధ్వరీంద్రుడి వేదాంత పరిభాష ఈ యోగ్యతను విడమరిచి చెబుతుంది. చీకట్లో కుండ కనబడకపోవడం కుండ లేదనడానికి రుజువు కాదు, ఎందుకంటే ఉన్నా కనబడేది కాదు.

ఈ షరతు గ్రబ్ తెర మీద అక్షరాలా పనిచేస్తుంది. ఒకే డిస్కులో విండోస్, లినక్స్ రెండూ ఉన్న యంత్రంలో విండోస్ వైపు నుంచి ఒక పార్టిషన్ తొలగించారనుకుందాం. మర్నాడు అలాంటి పార్టిషన్ లేదు అన్న పంక్తి, దాని కింద గ్రబ్ రెస్క్యూ అన్న గుర్తు, పక్కన మినుకుమనే కర్సర్ కనిపిస్తాయి. లినక్స్ చెరిగిపోయిందని గుండె జారుతుంది. అక్కడ పనిచేసే ఆదేశాలు నాలుగే, అందులో ఒకటి ఎల్ఎస్. అది టైపు చేస్తే డిస్కు, దాని పార్టిషన్లు బ్రాకెట్లలో వరుసగా వస్తాయి. ఒక్కొక్కదాని పేరు పక్కన స్లాష్ పెట్టి మళ్లీ ఎల్ఎస్ ఇస్తూ పోతే, ఐదో నంబరు దగ్గర బూట్, ఈటీసీ, హోమ్ అన్న పేర్లు ప్రత్యక్షమవుతాయి. గ్రబ్ ఆరో నంబరు కోసం వెతికింది. మధ్యలో ఒకటి పోవడంతో ఆరోది ఐదోదైంది. ఆరో నంబరు పార్టిషన్ లేదన్న మాట నిజం, లినక్స్ లేదన్నది ఆ మాటకు మనిషి తగిలించుకున్న అర్థం. సెట్ ఆదేశంతో ప్రిఫిక్స్‌ను, రూట్‌ను ఐదో పార్టిషన్ వైపు తిప్పి, నార్మల్ మాడ్యూల్‌ను ఎక్కించి, నార్మల్ అని కొడితే పాత మెనూ తెర మీదికి వస్తుంది. సిస్టమ్ లేచాక గ్రబ్‌ను ఒకసారి తిరిగి ఇన్‌స్టాల్ చేస్తే సమస్య తీరిపోతుంది.

ఇంకో రకం లేమి చూపు చాలకపోవడం వల్ల వస్తుంది. ఎల్ఎస్ ఇచ్చినప్పుడు ఫైల్ సిస్టమ్ తెలియదు అన్న జవాబు వస్తే పార్టిషన్ పాడైందని చాలామంది భయపడతారు. 2023లో వచ్చిన ఇ2ఎఫ్ఎస్‌ప్రాగ్స్ 1.47 వెర్షన్ కొత్తగా తయారయ్యే ఎక్స్‌ట్4 ఫైల్ సిస్టమ్‌లలో కొన్ని లక్షణాలను దానంతటదే చేర్చడం మొదలుపెట్టింది. అప్పటికి వాడుకలో ఉన్న పాత గ్రబ్‌కు అవి తెలియవు. కెర్నల్ శుభ్రంగా చదవగలిగిన అదే పార్టిషన్ గ్రబ్‌కు అపరిచితమైంది. కెర్నల్ దశలోనూ ఇంతే. డిస్కును తీసి వేరే యంత్రంలో పెడితే ఇనిట్‌ర్యామ్‌ఎఫ్ఎస్‌లో ఆ కంట్రోలర్‌కు తగిన డ్రైవర్ ఉండకపోవచ్చు, అప్పుడు ఫలానా యూయూఐడీ (గుర్తింపు సంఖ్య) గల పరికరం లేదని చెప్పి చిన్న షెల్‌లో వదిలేస్తుంది. ఫర్మ్‌వేర్‌లో రెయిడ్ మోడ్ పెట్టి ఉన్న కొన్ని ల్యాప్‌టాప్‌లలో ఎన్‌వీఎంఈ డిస్కు లినక్స్‌కు కనబడనే కనబడదు. యూఎస్‌బీ డిస్కుల విషయంలో యోగ్యతకు కాలం కూడా అడ్డు వస్తుంది. డిస్కు సిద్ధం కావడానికి కొన్ని సెకన్లు పడుతుంది, వెతికే కన్ను అంతకుముందే వెతికి లేదని తేల్చేస్తుంది. రూట్‌డిలే అనే కెర్నల్ పారామీటర్ ఉన్నది కాస్త ఆగి చూడమని చెప్పడానికే. లేదని యంత్రం అన్నప్పుడల్లా అడగవలసిన ప్రశ్న ఒకటే, ఉంటే దీనికి కనబడేదా? కనబడేదన్న నిశ్చయం కలిగాకే డిస్కు చెడిపోయిందన్న నిర్ణయానికి రావాలి. లేమిని తెలుసుకోవడం ఉనికిని తెలుసుకోవడం కన్నా కష్టమైన పనని ఆ శాస్త్రకారులు పట్టుబట్టి చెప్పినది అక్షర సత్యం.

చూసే కన్నే చాలనప్పుడు వేరే కన్ను తెచ్చుకోవాలి. లైవ్ యూఎస్‌బీ పని అదే. పెన్‌డ్రైవ్ నుంచి ఇంకో లినక్స్ లేస్తుంది. దానికి సొంత కెర్నల్, సొంత డ్రైవర్లు ఉంటాయి, చెడిపోయిన సిస్టమ్‌తో సంబంధం లేకుండా డిస్కును చూస్తుంది. బ్లాక్‌ఐడీ ఆదేశం చూపే యూయూఐడీలను ఎఫ్ఎస్‌ట్యాబ్ ఫైలులో రాసి ఉన్నవాటితో పోల్చి చూడవచ్చు. తర్వాత పాత రూట్ పార్టిషన్‌ను మౌంట్ చేసి, దేవ్, ప్రాక్, సిస్ డైరెక్టరీలను దానికి కలిపి, సీహెచ్‌రూట్‌తో లోపలికి ప్రవేశించి మరమ్మతు చేస్తారు. ఏ వస్తువూ తన క్రియకు తానే కర్మ కాలేదని, కత్తి తనను తాను కోసుకోలేదని దార్శనికులు చెప్పే నియమం ఇక్కడ పూర్తిగా వర్తిస్తుంది. లేవని యంత్రం తనను తాను లేపుకోలేదు.

మరి ఆ వేరే కన్నును ఎందుకు నమ్మాలి? దాన్ని పరీక్షించడానికి ఇంకొకటి, ఆ ఇంకొకదానికి మరొకటి అని పోతే ఎక్కడా నిలవని అనవస్థ అవుతుంది. మీమాంసకులు స్వతఃప్రామాణ్య వాదానికి చెప్పిన బలమైన కారణం ఇదే. జ్ఞానం పుట్టడంతోనే ప్రమాణం, దాన్ని పుట్టించిన సాధనంలో దోషం బయటపడితేనో, బాధించే వేరే జ్ఞానం వస్తేనో మాత్రమే అది వీగిపోతుందని కుమారిల భట్టు శ్లోకవార్తికంలో వాదించాడు. నైయాయికులు ఒప్పుకోలేదు. జ్ఞానం సరైనదో కాదో దానంతట అది చెప్పలేదు, దాన్ని పట్టుకుని చేసిన పని ఫలిస్తే సరైనదని తెలుస్తుందన్నారు. తెలుగువాడిగా ప్రసిద్ధుడైన అన్నంభట్టు తర్కసంగ్రహానికి తానే రాసిన దీపికలోనూ ఈ వాదం ఉంది. సర్వదర్శన సంగ్రహం బౌద్ధులకు ఆపాదించిన పక్షం ఇంకా కఠినమైనది. జ్ఞానం స్వతహాగా అప్రమాణమే, ప్రామాణ్యం బయటి నుంచి రావాలి (పరతఃప్రామాణ్యం) అన్నది ఆ పక్షం.

కంప్యూటర్ తయారీదారులు ఈ పేర్లు విని ఉండకపోవచ్చు గాని, ఈ మెట్లన్నీ ఎక్కారు. 55, ఎఎ గుర్తు చూసి మిగతాదంతా నమ్మేసిన పాత బయోస్ మొదటి పక్షానికి దగ్గర. సంతకం సరిచూసేదాకా ఏ ఫైలునూ నడపనివ్వని సెక్యూర్ బూట్ మూడో పక్షానిది. అందులో ఫర్మ్‌వేర్ షిమ్ అనే చిన్న లోడర్ సంతకాన్ని చూస్తుంది, షిమ్ గ్రబ్‌ను, గ్రబ్ కెర్నల్‌ను చూస్తాయి. ఫర్మ్‌వేర్‌లోని తాళంచెవిని మాత్రం ఎవరూ చూడరు, అది ఉన్నది ఉన్నట్టుగా నమ్మినదే. ఎంత కఠినమైన పరతఃప్రామాణ్యమైనా ఒకచోట స్వతఃప్రామాణ్యం మీదే నిలబడిందన్నమాట. యూనిక్స్ సృష్టికర్తల్లో ఒకరైన కెన్ థాంప్సన్ 1984లో అచ్చయిన తన ట్యూరింగ్ ఉపన్యాసంలో ఇదే బెడదను ఇంకో వైపు నుంచి చూపించాడు. సోర్స్ కోడ్ అంతా చదివినా, దాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలర్‌లోనే కుట్ర దాగి ఉంటే చదివిన ఫలం లేదన్నాడు.

బాధక జ్ఞానం కూడా ఇక్కడ కొత్త కాదు. 2020లో బయటపడిన బూట్‌హోల్ లోపం వల్ల అంతకుముందు సంతకం పొందిన గ్రబ్‌లను నమ్మకూడనివిగా ప్రకటించవలసి వచ్చింది. 2024 ఆగస్టు 13న వచ్చిన విండోస్ అప్‌డేట్ అలాంటి పాత లోడర్ల మీద నిషేధాన్ని అమలు చేయగానే, రెండు సిస్టమ్‌లు ఉన్న ఎన్నో యంత్రాల్లో లినక్స్ ఆగిపోయింది. షిమ్ తన ఎస్‌బ్యాట్ (లోడర్ తరాన్ని తెలిపే) సమాచారం సరిపోలలేదని, ఏదో పెద్ద తప్పు జరిగిందని తెర మీద చెప్పి యంత్రాన్ని ఆపేసేది. ఆ డిస్కుల్లో ఒక్క ఫైలూ చెడలేదు. నిన్న ప్రమాణమైన సంతకం ఇవాళ బాధితమైంది, అంతే. డిస్కులో దోషం వెతికినవారికి ఏమీ దొరకలేదు, నమ్మకపు వరుసలో ఏ కొక్కెం తెగిందో చూసినవారు సెక్యూర్ బూట్‌ను తాత్కాలికంగా ఆపి, ఎస్‌బ్యాట్ విధానాన్ని చెరిపి, లోడర్‌ను కొత్తదానికి మార్చుకుని బయటపడ్డారు.

ఈ మూడు పక్షాల్లో బూట్ కాని యంత్రం ముందు కూర్చున్నవారికి ఎక్కువగా పనికొచ్చేది నైయాయికుల మాట. నమ్మకం లేకుండా పని మొదలుకాదన్న మీమాంసకుల మాట నిజమే, మొదలుపెట్టడానికి అది చాలు. పని అయిందో లేదో తేల్చడానికి మాత్రం ఫలాన్నే అడగాలి. గ్రబ్‌ను తిరిగి ఇన్‌స్టాల్ చేసినప్పుడు ఇన్‌స్టలేషన్ పూర్తయింది, తప్పులేమీ లేవు అన్న పంక్తి కనిపిస్తుంది. రెండు డిస్కులున్న యంత్రంలో పొరపాటున రెండో డిస్కు మీద రాసినా అదే పంక్తి వస్తుంది. యూఈఎఫ్ఐ యంత్రంలో లైవ్ యూఎస్‌బీని పాత బయోస్ మోడ్‌లో లేపి బయోస్ కోసం ఉద్దేశించిన గ్రబ్‌ను రాసినా కొన్నిసార్లు అదే పంక్తి వస్తుంది. అది చూసి పని అయిపోయిందనుకోకూడదు. పెన్‌డ్రైవ్ తీసేసి, పవర్ పూర్తిగా ఆపి, యంత్రాన్ని మళ్లీ ఆన్ చేయాలి. అది తనంతట తాను లాగిన్ తెర దాకా వచ్చినప్పుడే మరమ్మతు జరిగినట్టు.